చాటలో పోసిన బడ్జెట్

2024 నవంబరులో ఒక సాయంత్రం. మా వీధి అరుగు మీద నలుగురం కూర్చొని చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాం. టీవీలో వార్త విన్న పక్కింటి కోడలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా! మన గండికోటకు ఢిల్లీ డెబ్బై ఎనిమిది కోట్లు ఇస్తాందంట!"

ఇంకేముంది, ఒలవడం ఆగిపోయింది. మా ఊరు గండికోటకు పక్కనే. ఆ కోట గోడలు చూస్తూ పెరిగిన వాళ్ళం, ఆ కోటకు కోట్లు వస్తున్నాయంటే మా పుట్టింటికి సారె వచ్చినంత సంబరం. ఒకామె ఇంటికి ఎంత పడుతుందో లెక్క కూడా వేసేసింది! అంతలో మూలన కూర్చున్న అవ్వ, చేతిలో కాయ చేతిలోనే పెట్టుకొని అడిగింది. "ఏమ్మే, ఆ దుడ్లలో కొన్ని తీసి మన కొళాయికి నీళ్ళు తెప్పీరాదా?"

అందరూ నావైపు చూశారు. ఎందుకంటే వీధిలో ఇంటర్ చదివిన దాన్ని నేనే. చెప్పొద్దూ, నాకు జవాబు తెలియలేదు. ఇంటర్లో బడ్జెట్ అనే పాఠం ఉండేది. పరీక్షకు బట్టీ పట్టాను, పరీక్ష అయ్యాక మరిచిపోయాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఫిబ్రవరి వచ్చినప్పుడల్లా మనమందరం చూసేదే నేనూ చూశాను. బంగారం తగ్గిందా, గ్యాసు పెరిగిందా, అంతే. 2024 జూలైలో బంగారం మీద దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు మా ఆయన్ను ఎంత సతాయించానో ఆయన్నే అడగండి.

కానీ అవ్వ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎండాకాలం వస్తే మా వీధి కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు తెల్లవారుజామునే బిందెలు వరస పెట్టాలి. పక్కనే పెన్నమ్మకు అడ్డంగా కట్టిన గండికోట రిజర్వాయరు, 26.85 టీఎంసీల నీళ్ళు పట్టేది, ఉంది. నీళ్ళు కంటికి కనిపిస్తాయి, బిందెలోకి రావు. డబ్బు కూడా అంతే కదా! టీవీలో కనిపిస్తుంది, మన దగ్గరికి రాదు. ఎందుకు? మా పాప ప్రొద్దుటూరులో బీకాం చదువుతోంది. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చాక, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దాన్ని పట్టుకున్నాను. తల్లీ కూతుళ్ళం ఒక చాట, నూరు శనగ గింజలు పెట్టుకొని కూర్చున్నాం. ఇక చదవండి.

కళ్ళంలోనే కొలిచేస్తారు

ముందు మా జేజి కాలం ముచ్చట ఒకటి. జొన్నలు నూర్చిన రోజు గింజలు ఇంటికి చేరక ముందే కళ్ళంలోనే మేరలు కొలిచేవాళ్ళు. కమ్మరికి ఇంత, వడ్రంగికి ఇంత, చాకలికి ఇంత, మంగలికి ఇంత. అప్పిచ్చిన ఆసామి కూడా కళ్ళం దగ్గరికే వచ్చి నిలబడేవాడు. చూసేవాళ్ళకు కళ్ళం నిండా రాశి. ఇంటికి చేరేది ఏడాది తిండికి చాలుతుందో చాలదో తెలియని నాలుగు మూటలు. జేజి పెత్తనమంతా ఆ నాలుగు మూటల మీదే.

దేశం బడ్జెట్ కూడా అచ్చం ఇట్లాగే ఉంటుందని నాకు ఆ చాట ముందు కూర్చున్నాకే తెలిసింది. రూపాయిలో నూరు పైసలు కాబట్టి నూరు గింజలు. ఏది ఎంతో ప్రభుత్వమే బడ్జెట్ కాగితాల్లో పైసల్లో చెబుతుంది. పాప చదువుతుంటే నేను గింజలు జరుపుతూ పోయాను.

మొట్టమొదట 22 గింజలు రాష్ట్రాల వాటా. పన్నులు వసూలు చేసేది ఢిల్లీ అయినా అందులో భాగం రాష్ట్రాలకు ఇచ్చి తీరాలి. రాజ్యాంగం పెట్టిన మేర అది. తర్వాత 20 గింజలు పాత అప్పులకు వడ్డీ. సైన్యానికి 8. పింఛన్లకు 4. బియ్యం, ఎరువులు వగైరా సబ్సిడీలకు 6. ఫైనాన్స్ కమిషన్ చెప్పిన గ్రాంట్లు, రాష్ట్రాలకు ఇతర బదిలీలు కలిపి 8. ఇక్కడికి 68 గింజలు పోయాయి.

చాటలో మిగిలింది 32. రైళ్ళు, రోడ్లు, ఢిల్లీ సొంతంగా నడిపే పథకాలన్నిటికీ 16. రాష్ట్రాలతో కలిసి చేసే పథకాలకు 8. మిగతా ఖర్చులన్నీ కలిపి 8. అయిపోయింది చాట!

"ఇంతేనా?" అన్నాను. ఇంతేనట. ఆర్థిక మంత్రి గంటకు పైగా చదివే ఉపన్యాసంలో మనం చెవులు రిక్కించి వినేదంతా ఎక్కువగా ఈ 32 గింజల గురించే. మిగతావి కళ్ళంలోనే కొలిచేసినవి. అందులోనూ అన్నీ ఒకటి కాదు. వడ్డీ ఎగ్గొట్టలేం. పింఛను ఆపలేం. సబ్సిడీ తగ్గించొచ్చు గానీ తగ్గిస్తే ఊరుకుంటామా?

రాష్ట్రాల వాటా పక్కన పెడితే 2025-26 బడ్జెట్ మొత్తం 50 లక్షల 65 వేల కోట్లు. ఆ అంకెకు సున్నాలు రాయబోయి మా పాప రెండు సార్లు తప్పు రాసింది. అందుకే గింజలే నయం.

నాలుగో వంతు అప్పే

గింజలు ఎటు పోయాయో చూశాం. ఎక్కడినుంచి వచ్చాయి? మళ్ళీ నూరు లెక్కపెట్టాం. జనం కట్టే ఆదాయపు పన్ను 22, జీఎస్టీ వగైరా 18, కంపెనీల పన్ను 17, పెట్రోలు డీజిలు లాంటి వాటి మీద ఎక్సైజు 5, దిగుమతి సుంకాలు 4, ప్రభుత్వ సంస్థల లాభాలు, ఫీజులు లాంటివి 9, అమ్మకాలూ గిమ్మకాలూ 1. మిగతా 24 గింజలు అప్పు.

ఒక్క నిమిషం ఆగండి. అప్పు తెచ్చేది 24, వడ్డీకి పోయేది 20! 2025-26లో వడ్డీకే 12 లక్షల 76 వేల కోట్లు పెట్టారు. రోజుకు దాదాపు మూడున్నర వేల కోట్లు. నాకైతే గుండె గుభేలుమంది. మా ఇంట్లో ఒక ఏడు శనగ పంట పోయి, బంగారం కుదువ పెట్టి, ఆ వడ్డీకి ఇంకోచోట బదులు తెచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఆ ఏడు పాప ఫీజుకు, ఇంట్లో సరుకులకు మధ్య నేను పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. భోంచేస్తూనే వాదన పెట్టుకున్నాడు. "బోరు వేయడానికి తెచ్చిన అప్పూ, పెళ్ళి భోజనాలకు తెచ్చిన అప్పూ ఒకటేనా? రోడ్డు వేస్తే, రైలు వేస్తే రేపు ఆదాయం వస్తుంది" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ ఏడాది తేవాలనుకున్న అప్పు సుమారు 15 లక్షల 69 వేల కోట్లయితే, రోడ్లు, రైళ్ళు లాంటి నిలిచి ఉండే పనులకు పెట్టింది 11 లక్షల 21 వేల కోట్లు. అంటే అప్పులో పెద్ద భాగం బోరుకే! మిగతాది మాత్రం రోజువారీ ఖర్చుకే. బోర్లన్నిటిలోనూ నీళ్ళు పడతాయా అని నేనడిగితే ఆయన మజ్జిగ పోయమన్నాడు. రాయలసీమ మనిషి కదా, ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు!

రాజుల కాలం నాటి లెక్క

గండికోట చూడ్డానికి వచ్చే వాళ్ళందరూ పెన్నానది లోయ దగ్గర ఫోటోలు దిగి పోతారు గానీ, నేను మాత్రం మా ఇంటికి చుట్టాలు వస్తే ముందు ధాన్యాగారం చూపిస్తాను. ఎంత పెద్ద కట్టడమో! మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ఈ గాదె, అన్నీ ఆ కోటలోనే. పెమ్మసాని నాయకులు విజయనగర రాజుల కింద ఈ కోటను ఏలారు. అంత గాదె నింపారంటే ఎవరికి ఎంతో లెక్క ఉండి ఉండాలి కదా! శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పే చోట ఈ పంపకం గురించి కూడా చెప్పాడు. ఆదాయం నాలుగు భాగాలు చేసి, రెండు సైన్యానికి, ఒకటి దానధర్మాలకూ తన భోగానికీ, ఒకటి ఖజానాకు. నూటికి యాభై సైన్యానికే అన్నమాట!

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కూడా దాదాపు అదే లెక్క. 1947 నవంబరు 26న షణ్ముఖం చెట్టి పెట్టిన మొదటి బడ్జెట్లో మొత్తం ఖర్చు 197 కోట్లు, అందులో సైన్యానికి 92 కోట్ల పైచిలుకు. దేశం రెండుగా చీలిన రోజులు మరి. 2025-26లో సైన్యానికి 8 గింజలు. తక్కువ అనుకోకండి. సైనికుల పింఛన్లు కూడా కలిపితే 2025-26లో అది 6 లక్షల 81 వేల కోట్లు. అదే ఏడాది కేంద్ర విద్యాశాఖకు దక్కింది లక్షా 28 వేల కోట్లు, ఆరోగ్యశాఖకు లక్ష కోట్లకు కాస్త తక్కువ.

చదువుకు ఇంత తక్కువా అని నాకూ కోపం వచ్చింది. కానీ బడి, ఆసుపత్రి ఎక్కువగా రాష్ట్రం చూసుకునేవి. మా ఊరి బడి పంతులుగారి జీతం అమరావతి నుంచి వస్తుంది. 2025-26కు మన ఆంధ్ర ప్రదేశ్ బడ్జెట్ వేరేగా 3 లక్షల 22 వేల కోట్లు. దాన్ని పెట్టిన పయ్యావుల కేశవ్ మన సీమ మనిషే, అనంతపురం జిల్లా. ఢిల్లీలో పెట్టిన నిర్మలా సీతారామన్ తమిళనాడులో పుట్టినా తెలుగింటి కోడలు. కోడలు పెట్టినా కొడుకు పెట్టినా గింజలు పెరగవనుకోండి, అది వేరే సంగతి.

మన వంతుకు ఒక పప్పుబద్ద

రాష్ట్రాలకు పోయిన ఆ 22 గింజలు ఎవరికి ఎన్ని? ఇక్కడే తోడికోడళ్ళ తగవు. దీన్ని తీర్చడానికి అయిదేళ్ళకోసారి ఫైనాన్స్ కమిషన్ అని పెద్దమనుషుల్ని కూర్చోబెడతారు. 1964లో వేసిన నాలుగో కమిషన్‌కు పెద్ద మన తెలుగువాడు పి.వి.రాజమన్నార్. పద్నాలుగో కమిషన్‌కు పెద్ద వై.వి.రెడ్డి. ఎవరనుకున్నారు? మా కడప జిల్లాలో పుట్టిన మనిషి, అంతకుముందు రిజర్వు బ్యాంకు గవర్నరు. పంచాల్సిన పన్నుల్లో రాష్ట్రాలకు నూటికి 32 ఉండేది, ఈయన కమిషన్ ఒక్కసారే 42 చేయమంది. తర్వాత పదిహేనో కమిషన్ దాన్ని 41 చేసింది.

పంచే పద్ధతి వినండి. 2026 మార్చి వరకు నడిచిన పదిహేనో కమిషన్ లెక్కలో నూటికి 45 మార్కులు పేదరికానికే. ఏ రాష్ట్రం ఎంత వెనకబడితే దానికి అంత ఎక్కువ. జనాభాకు 15, నేల విస్తీర్ణానికి 15, అడవులకు 10, పిల్లల్ని తక్కువ కన్నందుకు పన్నెండున్నర, పన్నులు బాగా వసూలు చేసినందుకు రెండున్నర. ఇందులో మన రాష్ట్రానికి నూటికి 4.047 వచ్చింది. అంతకు ముందు 4.305 ఉండేది, తగ్గింది. ఇద్దరు పిల్లలతో ఆపిన మనకు తగ్గిందే, ఎక్కువ కన్నవాళ్ళకు పెరిగిందే అని దక్షిణాది రాష్ట్రాలు గొడవ చేశాయి. బీద తోడికోడలికి రెండు చీరలు ఎక్కువ పెట్టడం తప్పు కాదు. కానీ పొదుపుగా కాపురం చేసిన దానికి చిన్నబుచ్చుకునే హక్కు కూడా లేదా? నేనైతే రెండు వైపులా మాట్లాడలేక ఊరుకున్నాను.

ఇంకో మెలిక ఉంది. సెస్సు, సర్‌చార్జి అనే పేరుతో వసూలు చేసేది ఈ పంపకంలోకే రాదు. అదంతా ఢిల్లీ పెట్టెలోనే. పెట్రోలు బంకులో మనం కట్టే దాంట్లో కూడా ఇలాంటి సెస్సులు ఉన్నాయి.

మొత్తానికి 22 గింజల్లో మన రాష్ట్రానికి నూటికి నాలుగు అంటే ఎంత? ఒక్క గింజ కూడా పూర్తిగా రాదు! పాప ఒక శనగ గింజకు పొట్టు తీసి, అంచు కొంచెం తుంచి నా అరచేతిలో పెట్టింది. "ఇదమ్మా మన ఆంధ్రా." ఆ తుంచిన పప్పు విలువ 57 వేల కోట్ల పైచిలుకు.

కోట డబ్బు కొళాయికి ఎందుకు రాదు?

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వద్దాం. గండికోటకు వచ్చిందని చెప్పిన ఆ డబ్బు సరిగ్గా 77 కోట్ల 91 లక్షలు. పర్యాటక కేంద్రాల కోసం కేంద్రం 23 రాష్ట్రాల్లో 40 చోట్లకు 3,295 కోట్ల పైచిలుకు మంజూరు చేస్తే, అందులో మన రాష్ట్రానికి రెండు పడ్డాయి. ఒకటి గండికోట, రెండోది రాజమండ్రి దగ్గర అఖండ గోదావరి, దానికి 94 కోట్ల 44 లక్షలు.

మేము అరుగు మీద సంబరపడ్డాం గదా, అది సారె కాదండీ, అప్పు! రాష్ట్రాలు నిలిచి ఉండే పనులు చేసుకోవడానికి కేంద్రం ఇచ్చే యాభై ఏళ్ళ అప్పు. వడ్డీ లేదు, అదొక్కటే మేలు. వడ్డీ లేని అప్పు మనకు ఎవరిస్తారు చెప్పండి! కానీ అసలు మాత్రం రాష్ట్రం తీర్చాలి. అది తీరేసరికి మా పాప ముసలిదవుతుంది. కోటకు దారీ దీపమూ వసతీ వస్తే నలుగురు వస్తారు, నాలుగు కొట్లు పడతాయి, మా వీధి పిల్లలకు పని దొరుకుతుంది అన్నది ఆశ. ఆ ఆశ నాకూ ఉంది. అయితే ఆ మూటకు పేరు రాసి ఉంటుంది. కోట అని రాసిన మూట విప్పి కొళాయికి ఖర్చు పెడితే లెక్క ఒప్పుకోరు. పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలోది ఆవాలకే!

నీళ్ళ మూట వేరే ఉంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్. పల్లెల్లో ప్రతి ఇంటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. 2024కల్లా పూర్తి చేస్తామన్నారు. 2025 బడ్జెట్లో గడువు 2028 దాకా పెంచి 67 వేల కోట్లు రాశారు. మన లాంటి రాష్ట్రాల్లో ఇది సగం సగం బేరం. ఢిల్లీ సగం రావాలంటే రాష్ట్రం తన సగం ముందుకు తేవాలి. పొదుపు సంఘంలో ఒకరి కంతు ఆగితే అందరి అప్పూ ఆగినట్టు, ఇక్కడ ఒక సగం ఆగితే రెండో సగమూ ఆగుతుంది.

ఇంకా వినండి. బడ్జెట్లో రాయడం వేరు, ఖర్చు పెట్టడం వేరు. 2024-25లో ఈ పథకానికి 70 వేల కోట్ల పైన రాశారు. ఏడాది చివరికి సవరించిన అంచనాలో అది 22,694 కోట్లయింది. వంద బిందెలు పోస్తామని ముప్ఫై రెండు పోసినట్టు! మనం ఫిబ్రవరిలో టీవీ ముందు కూర్చుంటాం గానీ, మరుసటి ఏడు "నిరుడు రాసింది ఏమయింది?" అని ఎవరం చూస్తాం? ఇది తెలిశాక నేను కొత్త బడ్జెట్ అంకె కంటే పాత బడ్జెట్ సవరణ అంకె కోసం వెతుకుతున్నాను.

ఉపాధి పని సంగతి కూడా ఈ సగం సగం బాధే. 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకాన్ని మొదలు పెట్టారు. కూలి డబ్బు పూర్తిగా కేంద్రానిది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజుల పనిని 125 రోజులు చేసింది, మంచిదే. కానీ ఖర్చులో నూటికి 40 మన రాష్ట్రం పెట్టుకోవాలి. అంటే ఆ తుంచిన పప్పుబద్దలోంచే ఇంకొంచెం గిల్లాలి!

ఆడవాళ్ళ కోసం ఎంత అని మీరు అడగబోతున్నారు కదూ. 2005-06 నుంచి దానికి వేరే పట్టిక ఇస్తున్నారు. 2025-26లో 4 లక్షల 49 వేల కోట్లు, మొత్తంలో నూటికి తొమ్మిదికి కాస్త తక్కువ. అయితే అందులో పేదల ఇళ్ళ పథకం డబ్బంతా ఆడవాళ్ళ ఖాతాలోనే రాశారు. ఆ ఇంట్లో మొగుళ్ళు పడుకోరా ఏమిటి?

ఇక మనకు అతి దగ్గరగా వచ్చే డబ్బు ఒకటుంది, దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. ఫైనాన్స్ కమిషన్ పంచాయతీలకు కూడా గ్రాంటు ఇస్తుంది. పదిహేనో కమిషన్ కాలంలో దాంట్లో నూటికి 60 నీళ్ళకూ శుభ్రతకూ తప్ప వేరే దేనికీ వాడకూడదని షరతు. సగం తాగునీటికి, సగం శుభ్రతకు. అవ్వ కొళాయి పేరు రాసి ఉన్న మూట ఇదే!

అవ్వకు ఇదంతా చెప్పాను. చాట తెచ్చి, గింజలు జరిపి చూపించాను. చివరిదాకా విని, "అయితే అడగాల్సింది ఢిల్లీని కాదు, మన పంచాయతీనే గదమ్మే" అంది.

2025 అక్టోబరు 2న గ్రామసభకు మా వీధి ఆడవాళ్ళం పదకొండు మందిమి పోయాం. తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాం. తాగునీటి గ్రాంటు మన ఊరికి ఎంత వచ్చింది? దేనికి ఖర్చయింది? కొళాయి పథకంలో మన వీధి ఉందా? ముందు వరసలో అవ్వను కూర్చోబెట్టాం. కాగితం తీసుకున్నారు, లెక్కలు చూసి చెబుతామన్నారు. దాని నకలు ఒకటి మా పోపుల డబ్బా కింద మడిచి పెట్టుకున్నాను.